సాధు పొట్టేళ్ళ ఆవిడ

ఆవిడ పోయిందన్న సంగతి నాకు మాంసం కొట్టు దగ్గర తెలిసింది. వినుకొండకి పని మీద వెళ్ళి, బస్సుకింకా టైముందని, ఎప్పుడూ కొనే సాయిబు కొట్టు ముందు ఆగాను. సాయిబు నన్ను చూసి కత్తి పక్కన పెట్టి, "మీ ఊరి గొర్రెలామె పోయిందండీ, తెలుసా?" అన్నాడు. అది మా ఊరు కాదు. అక్కడి పశువుల ఆసుపత్రిలో ఆరేళ్ళు కాంపౌండరుగా పనిచేశాను, అంతే. అయినా సాయిబు లెక్కలో ఆవిడా నేనూ ఒక ఊరివాళ్ళం.

ఎట్లా పోయిందని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే. తనే మళ్ళీ కత్తి అందుకుని, ఇన్నేళ్ళలో ఆవిడ తనకి ఒక్క సాధు పొట్టేలుని అమ్మలేదని, పొగరుబోతు వాటినే ఏరి తోలుకొచ్చేదని, వాటిని పడెయ్యడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చేదని చెప్పుకొచ్చాడు. లోకంలో అందరూ మెత్తనిదాన్ని కోతకిచ్చి పొగరుదాన్ని మందలో ఉంచుకుంటారట, ఈమెది అంతా తలకిందులట. నేను అరకిలో మాంసం కట్టించుకుని బస్సెక్కాను. ఇంటికి తెచ్చి, వండించుకుని తిన్నాను కూడా. నేను ఎట్లాంటివాణ్ణో ముందే చెప్పుకోవడం మంచిది.

ఆవిడ పేరు నాకు తెలుసు. నా చేత్తో ఆ పేరు రాయడం ఆవిడకి ఇష్టముండదు కాబట్టి రాయను.

మొదటిసారి చూసింది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో. మా ఇంట్లో గవర్నమెంటు జీతం మొహం చూసినవాణ్ణి నేనే మొదలు. మా నాన్న పల్లెలో కిరస్తానీ గుడి ఉపదేశి. ప్రతి ఆదివారం గొర్రెల గురించీ కాపరి గురించీ గంటసేపు చెప్పేవాడు గానీ, ఒక్క గొర్రెనైనా చేత్తో పట్టుకుని ఎరగడు. నేనూ ఆయన కొడుకునే. గొల్లపాలెంలో టీకాలు వెయ్యడానికి వెళ్ళి, ఒక పొట్టేలు ఎదురుగా వంగి పెట్టె తెరుస్తున్నాను. అది నాలుగడుగులు వెనక్కి వేసింది. నాకు భయపడి తప్పుకుంటోంది కాబోలనుకున్నాను. మరుక్షణం నేను సీసాలతో సహా పెంటలో ఉన్నాను. పాలెమంతా నవ్వింది. ఆవిడొక్కతే నవ్వకుండా వచ్చి, జబ్బ పట్టి లేవదీసింది.

"వెనక్కి నాలుగడుగులు వేసిందే, అప్పుడు చూడలా నువ్వు. వెనక్కెళ్ళే దాన్ని ఎప్పుడూ నమ్మమాకు అబ్బాయ్" అంది.

అప్పటికి ఆవిడకి యాభై దాటి ఉంటాయి. పొడుగాటి మనిషి, ఎండకి కమిలిన మొహం, మోకాళ్ళ పైకి బిగించిన గోచీ చీర, ఒడి నిండా ఎప్పుడూ తుమ్మకాయలు. మొగుడు లేడు, పిల్లల్లేరు. ముప్ఫై గొర్రెలూ, వాటికొక పొట్టేలూ. ఆ పొట్టేలుని "మా అల్లుడు" అనేది. మందలో ఆడపిల్లలందరికీ మొగుడు కాబట్టి అది తనకి అల్లుడే కదా అని లెక్క. ఒకటి పోయి ఇంకోటి వస్తే అదీ అల్లుడే. వేరే పేరు ఉండేది కాదు. "అల్లుడు అలిగాడు, తుమ్మకాయలు ముట్టలేదు", "అల్లుడికి ఒళ్ళు వెచ్చగా ఉంది, వచ్చి చూడు" అని ఆసుపత్రి గుమ్మంలో నిలబడి చెబుతుంటే, తెలియనివాళ్ళు ఆవిడకి నిజంగానే ఒక కూతురుందనుకునేవాళ్ళు.

ఆవిడ మంద దగ్గర ఒక విచిత్రం ఉండేది. పక్క మందల్లో పొట్టేలు తొట్టి దగ్గరికొస్తే చూడి గొర్రెలు హడలి చెదిరిపోయేవి. డొక్కలో పొడిపించుకుని, నెలలు నిండకుండానే ఈసుకుపోయినవాటిని నేనే ఎన్నో చూశాను. ఆవిడ మందలో మాత్రం పొట్టేలు తన వంతు దాకా పక్కన నిలబడేది. పాలెంలో మగవాళ్ళకి ఇది పెద్ద వేళాకోళం. ఆడంగి పొట్టేలని, అలాంటిదానికి పుట్టేవన్నీ మెతక సరుకని అనేవాళ్ళు. ఆవిడ పిల్లలు వాళ్ళ పిల్లలకంటే బరువు తూగుతున్నా సరే ఆ మాట మానలేదు. పాలెంలో ఇంకో ఇద్దరు విధవలు నాలుగేసి గొర్రెల్ని పెట్టుకుని బతికేవాళ్ళు. వాళ్ళు మాత్రం ఏటా ఆవిడ అల్లుడి దగ్గరికే తోలుకొచ్చి దాటించుకునేవాళ్ళు. ఇంట్లో మగతోడు లేని మనిషి ఆ పొట్టేలు ఉంటేనే గొర్రెల్ని పెట్టుకోగలిగేది.

సాధుతనం ఊరికే వచ్చింది కాదు. ఆవిడకి కొన్ని పట్టుదలలుండేవి. పొట్టేలు పిల్లని ఎవరూ ముద్దు చెయ్యకూడదు. ముఖ్యంగా నుదుటి మీద చెయ్యి వెయ్యకూడదు. నేను ఓసారి మురిపెంగా ఒకదాని నుదురు నిమరబోతే, నా చేతిమీద ఒక్కటి వేసింది. నుదురు తోస్తే దానికి అది పందెం పిలుపట. అలా ఆటగా నేర్పిందే పెద్దయ్యాక ఎముకలు విరిచేది. "గోకాలనుంటే గదవ కింద గోకు. తలెత్తుకుని నిలబడిద్ది. తలెత్తినది పొడవలేదు" అని నా వేళ్ళు పట్టుకుని చోటు చూపించింది. ఆ చోటు నా వేళ్ళకి ఇప్పటికీ తెలుసు.

రెండు పళ్ళు వేసి ఈడుకొచ్చిన ప్రతి పొట్టేలుకీ పరీక్ష ఉండేది. చూడకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు. దాన్ని దడిలో వదిలి, ఆవిడ వీపు దానివైపు తిప్పి గొంతుక్కూర్చుని, ఇత్తడి చెంబు తోముతూ ఉండేది. చింతపండూ బూడిదా వేసి చెంబు తళతళలాడేదాకా తోమి, ఆ మెరుపులో వెనకున్న పొట్టేలుని కనిపెట్టి చూసేది. మూడు పొద్దులు ఇదే పని. అది నాలుగడుగులు వెనక్కి వేస్తే పక్కకి దొర్లేది, వచ్చే శుక్రవారానికి అది వినుకొండ సాయిబు కొట్టుకి చేరేది. దగ్గరికొచ్చి తల రుద్దేదైనా పనికిరాదు, ఇవాళ రుద్దేది రేపు పొడుస్తుందనేది. ఆవిడ జుట్టు వాసన చూసి, తన దారిన తాను మేతకి పోయేదే నిలిచేది. పదింటికి ఒకటి నిలవడం గగనం.

మనుషులకీ అదే పరీక్ష. కొత్తవాళ్ళెవరు వచ్చినా ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ మాట్లాడేది. నమ్మకం కుదిరిందంటే ఇక మొహం చూపించేది కాదు. అటు తిరిగి దడి కట్టుకుంటూనో, గిట్టలు చూసుకుంటూనో భుజం మీదుగా మాట్లాడేది. చేరిన ఏడాదికి ఒకరోజు ఆవిడ నాకు వీపు తిప్పి పని చేసుకుంటూ మాట్లాడుతోందని గమనించాను. నాకు ప్రమోషన్ వచ్చినంత సంతోషమైంది. ఊళ్ళో పెద్ద కులాల ఇళ్ళలో అరుగు కింద నిలబడి మాట్లాడి వచ్చేవాణ్ణి, ఒక మనిషి నన్ను వెనక పెట్టుకుని నిశ్చింతగా పని చేసుకోవడం నాకు చిన్న సంగతి కాదు.

ఇదంతా ఎందుకు పెద్దమ్మా అని ఒకసారి అడిగాను. దడికి ముళ్ళకంప దోపుతూ, చెయ్యి ఆపకుండానే చెప్పింది. మొగుడికి పందెం పొట్టేలుండేదట. దానికి ఉలవలు, బెల్లం, గుడ్లు. తనకి ఆరో నెల. పెంట గంప ఎత్తడానికి వంగితే వెనకనుంచి వచ్చి కొట్టింది. బిడ్డ పోయింది, ఆ తర్వాత మళ్ళీ నిలవలేదు.

"ఆయన వచ్చి ఏమన్నాడో తెలుసా. దాని ముందు నువ్వెందుకు వంగావు అన్నాడు" అంది.

ఆ పొట్టేలు ఆ తర్వాత ఇంకో రెండు పందేలు గెలిచిందట. మొగుడు పోయిన పదకొండో రోజు దాన్ని సాయిబుకి తోలింది. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో అన్నిటికంటే నెమ్మదైనదాన్ని ఉంచుకుంది. దాని పిల్లల్లో మళ్ళీ నెమ్మదైనదాన్ని. అట్లా పద్దెనిమిదేళ్ళు. నేను చూసిన అల్లుడు ఆ వరసలో ఆరోదో ఏడోదో.

ఆ అల్లుడు ఒక వానాకాలం చివర చిటుకు రోగంతో ఒక్క పూటలో పోయింది. నేను టీకా పట్టుకెళ్ళేసరికే కాళ్ళు చాపింది. దాని సంతానంలో ఆ చలికాలం ఒకే ఒక్క మగపిల్ల పుట్టింది, తండ్రి పోయాక పుట్టిన పిల్ల. మరుసటేడు అది ఇంకా ఈడుకు రాలేదు కాబట్టి పొరుగూరి పొట్టేలుతో సర్దుకుంది. ఆ పై వేసవికి దానికి రెండు పళ్ళు వచ్చాయి. మూడు పొద్దులు చెంబు తోమింది. మూడో పొద్దు చెంబు పట్టుకుని ఆసుపత్రికొచ్చి, "నిలబడ్డాడు" అంది. ఆవిడ పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వడం నేను అప్పుడే చూశాను. తొలకరి పడితే వాణ్ణి మందలోకి వదలాలి.

ఆ వేసవిలోనే స్కీము వచ్చింది. గవర్నమెంటు వాళ్ళు డెవలప్‌మెంటు బ్లాకులు పెట్టిన కొత్త రోజులు. ఊరికో మేలుజాతి పొట్టేలుని ఇస్తారు, ముందు ఊళ్ళో ఉన్న నాటు పొట్టేళ్ళన్నిటికీ విత్తులు నొక్కెయ్యాలి. అందుకో పెద్ద ఇనప పటకారు ఉంటుంది. రక్తం రాదు, తోలు తెగదు, లోపల నరం చితికిపోతుంది. తర్వాత అది ఉత్త మాంసం.

ఈ పనిలో ఒక దొంగ విద్య ఉంది. నరాన్ని వేలితో పక్కకి జరిపి, ఉత్త తోలు మీద పటకారు మూస్తే చూసేవాళ్ళకి తేడా తెలియదు. పొట్టేలు నాలుగు రోజులు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచి, తర్వాత మామూలైపోతుంది. ఇది ట్రైనింగులో నేర్పరు. ఉద్యోగంలో చేరాక మూడో నెలలో నేర్చుకుంటారు.

ఆవిడ నన్ను ఈ విద్య అడగలేదు. ఆవిడకి అది తెలియదు కూడా. "మా అల్లుణ్ణి ముట్టరు కదా?" అని మాత్రం అడిగింది. ముట్టనని మాటిచ్చాను.

పై డాక్టరు గారు జీపులో వస్తారని కబురు తెలిసిన రోజున పాలెంలో మగవాళ్ళంతా తెల్లారకముందే మందల్ని కొండకి తోలేశారు. ఆవిడ మంద అప్పుడు ఆసుపత్రి పక్కనే, కోత అయిపోయిన మిరప చేలో దడి కట్టి ఉంది. పెంట కోసం రైతు మంద కట్టించుకున్నాడు. ఆ పొద్దునే నకరికల్లు అవతల వాళ్ళక్క చనిపోయిందని మనిషి వచ్చాడు. ఆవిడ నీళ్ళ తొట్టి నింపి, కంది పొట్టు పోసి, కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"పొద్దుగూకేలోపు వస్తా. కాస్త కనిపెట్టి ఉండు. అల్లుణ్ణి కొండకి పంపించమంటావా?"

"ఎందుకు పెద్దమ్మా. నేనున్నాగా" అన్నాను.

సరేనని ఆవిడ వెనక్కి తిరిగి డొంక వెంట నడిచి వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

డాక్టరు గారు పదింటికి వచ్చారు. ముందు ఊరి మోతుబరి ఇంట్లో కాఫీ. ఆయనకో పందెం పొట్టేలుంది, ముగ్గురు మనుషులు పట్టుకుంటే గానీ లొంగదు. పైవాళ్ళు చూస్తుండగానే దానికి పటకారు వేశాను. నరం పక్కకి జరిపి, ఉత్త తోలు మీద. మోతుబరి నావైపు చూసి కళ్ళతోనే నవ్వాడు. ముందురోజే మా ఇంటికి ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు చేరాయి.

తర్వాత పాలెంలోకి పోతే ఒక్క పొట్టేలు లేదు. డాక్టరు గారికి కోపం వచ్చింది. ఊరంతటికీ ఒకటేనా, నేను పైకి ఏమని రాసుకోవాలి, నువ్వు ఇక్కడ ఏం వెలగబెడుతున్నావు అని నలుగురిలో నన్ను కడిగేశారు. తిరిగి ఆసుపత్రికి వస్తుండగా ఆయన చూపు మిరప చేలో దడి మీద పడింది.

"అదెవరిది?"

"ఒక గొల్లావిడదండి. ఆవిడ లేదండి, చావుకెళ్ళింది."

"ఆవిడతో మనకేం పనయ్యా. పొట్టేలుంది కదా."

నేను దడి దాటి లోపలికెళ్ళాను. గొర్రెలన్నీ ఒక మూలకి పోయాయి. అది మాత్రం తలెత్తి నన్ను చూసింది. నాలుక మీద చప్పుడు చేసి పిలిచాను, ఆవిడ పిలిచినట్టే. వచ్చింది. గదవ కింద గోకాను. తలెత్తుకుని, కళ్ళు సగం మూసుకుని నిలబడింది. ప్యూను వెనక కాళ్ళు పట్టుకోబోయి, అవసరం లేక వదిలేశాడు. ఎంత సాధువయ్యా అని డాక్టరు గారు మెచ్చుకున్నారు.

దానికి నేను పటకారు సరిగ్గా వేశాను. రెండు వైపులా, నరం మీద.

ఎందుకని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మోతుబరి పొట్టేలు తన్నుకుంటుంటే తప్పించడం తేలికైంది, కదలకుండా నిలబడినదాని దగ్గర మోసం కనపడిపోతుందని కొన్నాళ్ళు చెప్పుకున్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డానని కొన్నాళ్ళు. అవి అబద్ధాలు కావు గానీ నిజం వేరే. మోతుబరి నన్ను ఊళ్ళో ఉండనివ్వడు. పాలెం మగవాళ్ళు నా కాళ్ళు విరగ్గొడతారు. ఆవిడ నన్నేం చేస్తుంది? ఏమీ చెయ్యదని నాకు తెలుసు. పటకారు నరం మీదే మూయడానికి కారణం ఆ ధైర్యమే. ఇంతకంటే నీచమైన ధైర్యం నాకు తెలియదు.

పొద్దుగూకేముందు ఆవిడ వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా తడిగానే ఉంది. దడి దగ్గర ఆగింది. అది వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, తల దించుకుని నిలబడి ఉంది. ఆవిడ చాలాసేపు దాన్ని చూసింది. నేను ఆసుపత్రి వసారాలోంచి దిగి వెళ్ళాను.

"ఎవరు?" అంది.

"నేనే."

"పిలిస్తే వచ్చిందా?"

"వచ్చింది."

"గదవ కింద గోకావా?"

"గోకాను."

తల ఊపింది.  నా కారణాలు నేను చెప్పబోతే వినకుండా దడి లోపలికి పోయింది. మర్నాడు తెల్లారేసరికి మిరప చేలో దడి లేదు. మంద అక్కణ్ణుంచి లేచిపోయింది.

గవర్నమెంటు పొట్టేలు వచ్చింది. మోతుబరి కొట్టంలోనే కట్టారు. మొదటి వానలకే ముక్కు కారి చచ్చిపోయింది, కాగితాల మీద మాత్రం ఇంకో రెండేళ్ళు బతికింది. కొండనుంచి దిగిన నాటు పొట్టేళ్ళు మామూలుగానే ఉన్నాయి. పొరుగూరి పొట్టేలుకి అప్పటికే పటకారు పడింది. వీటి యజమానులు ఆవిడకి ఒక్కదాన్నీ ఇవ్వలేదు. మా మాట విని కొండకి తోలుంటే సరిపోయేదిగా అన్నారు. చివరికి ఆవిడ గొర్రెలు మోతుబరి పందెం పొట్టేలుకే దాటాయి. నేను తోలు నొక్కి కాపాడినదానికే. ఆ పుట్టిన పొట్టేలు పిల్లల్ని ఆవిడ ఏడాది తర్వాత ఏడాది దడిలో వదిలి, చెంబు తోముతూ కూర్చుంది. అన్నీ నాలుగడుగులు వెనక్కి వేసినవే. ఆ ఇద్దరు విధవలూ గొర్రెల్ని అమ్మేసి పత్తి ఏరడానికి కూలికి పోయారు. నేను నొక్కిన పొట్టేలుని మాత్రం ఆవిడ అమ్మలేదు. దాని చావు అది చచ్చేదాకా మందలోనే ఉంచుకుంది. దాన్ని మళ్ళీ అల్లుడనలేదని విన్నాను.

నాకు బదిలీ అయింది. కొన్నేళ్ళకి పక్క ఊళ్ళో టీకాల పని పడితే, ఎందుకో కాళ్ళు అటు తీసుకెళ్ళాయి. కొత్త కాంపౌండరు దారిలోనే చెప్పాడు. ఆవిడకి చూపు మందగించిందట, చెంబులో వెనకదేదీ సరిగ్గా ఆనలేదట. ఒక పొట్టేలు వెనకనుంచి వచ్చి తుంటి విరగ్గొట్టిందట. మందని అమ్మేసిందట.

పాలెం చివర గుడిసె ముందు కూర్చుని ఉంది. పక్కన ఖాళీ దడి, ముళ్ళకంప ఎండిపోయి అక్కడక్కడా కూలిపోయి ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక కర్ర ఊతంతో లేచి నిలబడింది. పెద్దమ్మా అన్నాను.

"కాంపౌండరు గారా. ఎండనపడి వచ్చారు, మంచినీళ్ళు తాగుతారా?" అంది.

అన్నేళ్ళు ఆవిడ నోట అబ్బాయ్ అనిపించుకున్నవాణ్ణి. ఆ గారు నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నీళ్ళొద్దన్నాను. అప్పుడు నేను చేసింది తప్పు పెద్దమ్మా అని, ఇన్నేళ్ళుగా కూడబలుక్కున్న మాట చెప్పాను. ఆవిడ విన్నది.  గుడిసె గుమ్మం ఆవిడ వెనక నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ విరిగిన తుంటితో వెనక్కి తిరిగి వెళ్ళడమే తేలిక. ఆవిడ నాకు వీపు తిప్పలేదు. నా మొహం మీదనుంచి చూపు తియ్యకుండా, వెనక చేత్తో గుంజ కోసం తడుముకుంటూ, ఒక్కో అడుగే వెనక్కి వేసింది. నాలుగడుగులు.

వెనక్కెళ్ళే దాన్ని నమ్మవద్దని నాకు నేర్పింది ఆవిడే. నేను కదలకుండా నిలబడ్డాను. ఆ తర్వాత రావలసిన దెబ్బ వస్తుందని, వస్తే బాగుండునని, చాలాసేపు నిలబడ్డాను. ఆవిడ లోపలికి వెళ్ళి తడిక వేసుకుంది.